ఊఁ అనేదాకా

కింది వాటా వదినకి పాలామె చెప్పిందట. వదిన ఆ మాట కడుపులో ఉంచుకోలేక, తోముతున్న గిన్నె చేతిలో ఉండగానే మెట్లెక్కి వచ్చి పై వాటాలోని అత్తాకోడళ్ళ గుమ్మంలో నిలబడింది.

"విన్నావా? రేడియోలో జైల్లో వాళ్ళ చేత కథలు చెప్పిస్తున్నారట! శుక్రవారం సాయంత్రం, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకట! దొంగలట, ఇంకా ఏమేం చేసినవాళ్ళో! వాళ్ళు పిల్లలకి కథలు చెప్పడమేమిటి, మనం వినడమేమిటి, లోకం తలకిందులు కాకపోతే! వాళ్ళలో ఒకడున్నాడట... లారీ చక్రం కథ చెప్తాడట. చెప్పడం బాగానే చెప్తాడటగానీ, రెండు మాటలు చెప్పి ఠక్కున ఆగిపోతాడట! ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలుపెడతాడట. మధ్యమధ్యలో పోలీసు వీపు మీద ఒకటి ఇస్తుంటాడేమోనని పాలామె అంటోంది. నేనన్నానూ, అదేం కాదు, నత్తివాడై ఉంటాడని. నువ్వేమంటావ్?"

కోడలు కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. ఎవరిదో ప్యాంటు, కింద మడత కుట్టాలి, సాయంత్రానికి కావాలన్నారు. ఆమె తల ఎత్తకపోవడం చూసి వదిన, "పనిలో పడితే నీకు భూకంపం వచ్చినా తెలీదే తల్లీ!" అని తనే నవ్వుకుని, తరువాతి గుమ్మంలో చెప్పడానికి వెళ్ళిపోయింది.

ఆమె అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగిపోయాక కోడలు చూసుకుంటే మిషనులో దారం లేదు. ఎప్పుడు అయిపోయిందో! మడత పొడవునా సూది పొడిచిన చిల్లులే వరసగా ఉన్నాయి. కాలు కుట్టుకుంటూ పోయింది, గుండె మాత్రం 'లారీ చక్రం' అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

వంటింట్లో మూత కిందపడి చాలాసేపు గిర్రున తిరిగింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, గోడ పట్టుకోకుండా అడుగు వెయ్యలేదు. అలాంటిది ఏమీ పట్టుకోకుండానే వచ్చేసింది!

"వాడేనే..."

"అత్తయ్యా! మెల్లిగా!"

"చక్రం కథ... ఆగి ఆగి చెప్పడం... వాడు కాక ఇంకెవరే! ఎదుటివాళ్ళు ఊఁ కొట్టకపోతే వాడు ముందుకు కదలడు కదా! గిన్నెలు తోముకుంటూ వాడికి కథ చెప్పేదాన్ని. నిద్రపోయాడో లేదో చూద్దామని మధ్యలో ఆగేదాన్ని. ఊఁ అనేవాడు. నా నుంచే అంటుకుంది వాడికి ఆ పిచ్చి. మూడేళ్ళయిందే నా బిడ్డ గొంతు విని! శుక్రవారం నన్ను ఒక్కసారి కిందికి దింపు తల్లీ... ఎక్కడో మూల కూర్చుంటాను..."

"వద్దత్తయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను. గువ్వ వింటే?"

ఆ పేరు వినగానే ముసలామె మళ్ళీ గోడ పట్టుకుంది.

గువ్వ అంటే ఎనిమిదేళ్ళ పిల్ల. అసలు పేరు బడి వాళ్ళకే తెలుసు, ఇంట్లో తండ్రి పెట్టిన పేరే చలామణి. ఆ తండ్రి ఓడలో పని చేస్తున్నాడు. గువ్వకి తెలిసింది అంతే, ఈ వీధికి తెలిసింది అంతే. ఓడ నెలలకొద్దీ నీళ్ళలో ఉంటుంది, అక్కడి నుంచి ఫోను కలవదు, సెలవు దొరకదు. ఒక్క అబద్ధం నిలబెట్టడానికి ఆ ఇద్దరు ఆడవాళ్ళూ మూడేళ్ళుగా ఓడ గురించి ఎన్ని సంగతులు కల్పించారో! ఓడలో వంటవాడికి పళ్ళు లేవనీ, కెప్టెను కుక్కని పెంచుతున్నాడనీ... గువ్వ అడగడం, వీళ్ళు చెప్పడం! చెప్పింది మరిచిపోకుండా గుర్తుపెట్టుకోవడం ఇంకో చాకిరీ.

నిజం మాత్రం చిన్నది. అతను లారీ డ్రైవరు. ఒక సందెచీకటి వేళ, రోడ్డు పక్కన సైకిలు నడిపించుకుంటూ పోతున్న మనిషిని గుద్దేశాడు. గుద్దడం కన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాడు... ఆపలేదు! ఆపి ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే ఆ మనిషి బతికేవాడని కోర్టులో డాక్టరు చెప్పాడు. పాత ఇంటి తలుపు మీద ఎవరో బొగ్గుతో రాశారు, 'ఆపకుండా పోయినవాడి ఇల్లు' అని. ఎన్నిసార్లు కడిగితే అన్నిసార్లు రాశారు. గువ్వకి అప్పటికి చదవడం రాదు. అదొక్కటే వాళ్ళ అదృష్టం. దాని చదువు మొదలయ్యే లోపల ఆ ఊరు విడిచి వచ్చేశారు.

ఇది అత్తగారికి తెలుసు. ఆమెకి కూడా తెలియనిది ఒకటి కోడలి గుండెలో గూడు కట్టుకుని ఉంది. ఆ సాయంత్రం ఫోను చేసింది తను. "తొందరగా రండి! చక్రం కథ సగంలో ఆపేసి పోయారు, మిగతా సగం మీరొచ్చి చెప్తేగానీ తిననంటోంది మీ కూతురు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి!" అంది. అటువైపు నవ్వు వినిపించింది. "వచ్చేస్తున్నానని చెప్పు. ఎగురుకుంటూ వచ్చేస్తున్నా!" అన్నాడు. ఎగురుకుంటూనే వచ్చాడు... దారిలో ఒక ప్రాణం పోయింది!

కోర్టులో అతను ఆ ఫోను సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే శిక్ష తగ్గేదో ఏమో! ఎత్తలేదు. కానీ ఇప్పుడు... ఆ కథే చెప్తున్నాడట! ఆ సగం దగ్గర నుంచే చెప్తున్నాడేమో! చక్రం ఎందుకంత పరుగెత్తిందో, ఎవరు పిలిస్తే పరుగెత్తిందో, అది కూడా చెప్పేస్తాడేమో! తండ్రి జైల్లో ఉన్నాడని తెలిస్తే బిడ్డ ఏడుస్తుంది. ఏడ్చి ఎప్పటికో ఊరుకుంటుంది. 'నా కోసం పరుగెత్తి వచ్చి జైలుకి పోయాడు' అని తెలిస్తే? అది ఏడిస్తే తీరేదా! బిడ్డ మోయగలిగిన బరువేనా అది!

"గువ్వ చెవిన పడకూడదు. ఆ గొంతు పడకూడదు, ఆ కథ పడకూడదు. అంతే అత్తయ్యా!" అంది. అత్తగారు కింద పడిన మూత తీసుకోవడానికి వంగబోయి, వంగలేక, అలాగే కూర్చుండిపోయింది.

*

ఆ ఇంట్లో నాలుగు వాటాలున్నాయి, మధ్యలో ఒక వాకిలి. ఇంటి సొంతదారుని అందరూ తాళాల పెద్దమ్మ అంటారు. నడుముకి ఉన్న గుత్తి గలగలమంటూ ఆవిడ వస్తుంటే కుళాయి కూడా కారడం మానేస్తుందని వదిన అంటుంది. ఆవిడ దగ్గర చిన్న పెట్టంత రేడియో ఉంది. ఆవిడకి రేడియో వినడం కన్నా, తన రేడియో నలుగురూ వినడం ఇష్టం. శుక్రవారం సాయంత్రం దాన్ని వాకిట్లో స్టూలు మీద పెట్టి, గొంతు పెంచి కూర్చుంది. బఠానీలు ఒలిచేవాళ్ళు బఠానీలు, బట్టలు మడత పెట్టేవాళ్ళు బట్టలు తెచ్చుకుని చేరారు.

కోడలు కిటికీలు మూసేసింది. పిల్లని బయటికి పంపడానికి వీల్లేని వేళ కదా అది... గువ్వ బడి నుంచి వచ్చి లెక్కలు ముందేసుకుని కూర్చుంది. కింద ఏదో పాట అయిపోయింది. తరువాత ఒక మగగొంతు! మాటలు తెలియడం లేదు. కానీ ఆ లయ! కోడలు ఒక్క ఉదుటున మిషను దగ్గర కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. పాత మిషను, పిండిమర లాగా మోగుతుంది. రోజూ విసుక్కునే ఆ మోతకి ఆ వేళ దండం పెట్టింది!

మూసిన కిటికీ రెక్కకి చెవి ఆనించి అత్తగారు నిలబడింది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదుపుతోంది. "కాసేపు ఆపవే తల్లీ... ఒక్క మాట... ఒక్క మాట విననియ్యి!" అని సైగ చేసింది. కోడలు ఆపలేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నా కాలు ఆపలేదు! ఏ తల్లికైనా చెయ్యకూడని పని చేస్తున్నానని తెలుసు. ముసలామె గోడకి ఆనుకుని మెల్లగా జారి కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అమ్మా!" అంది గువ్వ. "గుడ్డ లేకుండా కుడుతున్నావేంటి?"

కోడలు చూసుకుంది. నిజమే! సూది కింద ఏమీ లేదు.

"నూనె... నూనె వేశానే. తిరగాలి కాసేపు."

గువ్వ తల్లి మొహంలోకి చూసింది. నానమ్మ వైపు చూసింది. మూసిన కిటికీ వైపు చూసింది. "ఊఁ" అంది. మళ్ళీ లెక్కల్లోకి తల వంచింది. ఆ ఊఁ వినగానే కోడలు ఇంకా గట్టిగా తొక్కింది.

మరునాడు కుళాయి దగ్గర తాళాల పెద్దమ్మ గొప్పలు చెప్పుకుంది. "ఆ మనిషి కథ చెప్తూ చెప్తూ ఆగిపోతున్నాడు కదా, పాలామె నత్తి అంది, ఇది పోలీసు అంది..."

"నత్తి అన్నది నేను పెద్దమ్మా."

"ఎవరో ఒకరు! అదేం కాదు. నా రేడియో లోపలే ఏదో ఊడింది. ఆగినప్పుడల్లా నెత్తిన ఒక్కటి వేస్తున్నాను, ఠంచనుగా మాట్లాడుతోంది! మా ఆయన మీద కూడా ఈ వైద్యం ముందే చేసి ఉంటే నా సంసారం బాగుపడేది."

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. నవ్వకపోతే ఎవరైనా చూస్తారేమోనని!

"కథ మాత్రం బాగుందమ్మా," అంది వదిన. "ఆ చక్రం మంగలి షాపులో దూరి, గడ్డం గీయించుకుంటున్న మనిషి ఒళ్ళో కూర్చోవడం! చచ్చేట్టు నవ్వాం. కానీ ఆ చెప్పేవాడి పెళ్ళాం, పిల్లలు ఎక్కడుంటారో! ఎవరి పక్కన ఉంటారో ఆ వాటావాళ్ళకి తెలియను కూడా తెలియదు కదా! తలుచుకుంటే భయం వెయ్యదూ?"

"నా ఇంట్లో అయితే ఉండరు," అంది తాళాల పెద్దమ్మ. "అద్దెకి ఇచ్చే ముందు నేను మనిషి కళ్ళలోకి చూస్తాను."

కోడలి బిందె నిండి పొర్లుతోంది. ఆమె కళ్ళు పైకెత్తలేదు.

*

నెలకోసారి ఆమె దారం కొనడానికని చెప్పి జైలుకి బస్సెక్కుతుంది. ఈసారి దారం సంచీ మరిచిపోయింది కూడా. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చి, దిగి ఎక్కడైనా ఒక ఖాళీ సంచీ కొనాలని, గువ్వ అడుగుతుందని, అదొక భయం. భయం అలవాటైన మనిషికి ఎంత చిన్న దానికైనా భయమే!

ఇనుప వల. వలకి అటు అతను, ఇటు ఆమె. పక్కన ఇంకెవరో భార్య, ఇంకెవరో తల్లి. అందరూ గట్టిగా మాట్లాడుతుంటే ఎవరి మాట వాళ్ళకే వినబడదు. అతను చిక్కాడు. జుట్టు నెరిసింది. కానీ మొహంలో ఏదో వెలుగు!

"విన్నారా?" అన్నాడు కూర్చోకముందే. "అమ్మ విన్నదా? గువ్వ విన్నదా?"

"మీకు మతి ఉందా!" అంది ఆమె. అంతే, ఇన్నాళ్ళ కన్నీళ్ళూ ఒక్కసారి పొంగుకొచ్చాయి. "అందరూ వింటున్నారు! ఇంటావిడ వింటోంది, పాలామె వింటోంది! మేము కిటికీలు మూసుకుని కూర్చుంటున్నాం! ఓడలో ఉన్నారని చెప్పుకుంటున్నాం కదండీ... మీరు వాకిట్లోకి వచ్చి అరిస్తే ఎలా!"

"పేరు చెప్పరే. నంబరు కూడా చెప్పరు."

"గొంతుకి పేరు కావాలా?"

అతను తల వంచుకున్నాడు. అలాగే చెప్పాడు. గ్రంథాలయం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు రికార్డు చేసే పెట్టె పట్టుకుని వస్తున్నారనీ, ఎవరికి వచ్చింది వాళ్ళు చెప్పుకోవచ్చన్నారనీ, కొందరు పాటలు కట్టారనీ, దర్జీ ఖైదీ ఒకడు తన తల్లి గురించి చెప్తూ ఏడ్చేశాడనీ.

"నా వంతు వచ్చినప్పుడు వాళ్ళలో ఒకావిడ అడిగింది, మధ్యలో ఈ ఖాళీలు తీసెయ్యమంటారా అని. వద్దమ్మా, వాటి జోలికి పోవద్దు, కథ కావాలంటే కొయ్యండి గానీ అవి కొయ్యొద్దని బతిమాలుకున్నాను. పక్కవాళ్ళు సరదాకి ఊఁ అనబోతే నోరు మూయించాను. అది గువ్వ చోటు! ఇంకొకరు కూర్చోకూడదు."

ఆమె వలలో వేళ్ళు దూర్చి పట్టుకుంది. మొహం వలకి ఆనించి గొంతు తగ్గించింది.

"కథ ఎంతదాకా వచ్చింది?"

"రోడ్డు వాలు దాకా. వచ్చే శుక్రవారంతో అయిపోతుంది."

"ఆ తరువాత ఏముందండీ? చక్రం... ఎందుకు పరుగెత్తిందో చెప్పారా?"

అతను వల మీది తుప్పు గోటితో గీకాడు.

"చెప్పండి! ఆ రోజు ఫోను చేసింది నేను. నన్ను తిట్టండి, రేడియోలో నా పేరు పెట్టి తిట్టండి, పడతాను. బిడ్డ పిలిచిందని మాత్రం... ఏమండీ! చెప్పలేదు కదూ?"

"రికార్డింగు అయిపోయింది," అన్నాడు అతను. "ఇప్పుడు మార్చడానికి లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అబద్ధం చెప్పి చెప్పి విసుగొచ్చిందే నాకు."

గంట కొట్టారు. లేచి నిలబడ్డాడు. ఆమె అరుస్తూనే ఉంది, "ఏం చెప్పారు? ఏం చెప్పారండీ!" అని. చుట్టూ ఇరవైమంది అరుస్తున్నారు. అతను చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, వినబడలేదని సైగ చేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం సాయంత్రం గువ్వ బడి గేటు దాటకముందే తల్లి అక్కడ నిలబడి ఉంది.

"చెప్పులు కొందాం పదవే."

"ఇవి బాగానే ఉన్నాయిగా?"

"బాగా లేవు. పద!"

ఇంట్లో ఉంటే కదా భయం! బజారుకి పోతే, ఆ గోలలో, బండ్ల చప్పుళ్ళలో రేడియో ఎవడు వింటాడు అనుకుంది. చెప్పుల షాపులో అడుగుపెట్టింది. లోపల గల్లాపెట్టె మీద రేడియో! 'ఇప్పుడు గోడల వెనక నుంచి కథలు...' అంటోంది ఒక ఆడగొంతు. గువ్వ చెయ్యి పట్టుకుని వచ్చినదారినే బయటపడింది. "ఇక్కడ రంగులు బాలేవు." పక్కన టీకొట్టు. అక్కడా అదే! బల్లల దగ్గర మగవాళ్ళు గ్లాసులు పట్టుకుని ఊరుకుని వింటున్నారు. "చక్రానికి ఆగడం తెలియదు..." అతని గొంతు! నడివీధిలో, అందరి మధ్యా, తన మొగుడి గొంతు! ఆమె గువ్వని కొంగు చాటుకి లాక్కుంది. "...దానికి ఎవరూ నేర్పలేదు. దొర్లడమే నేర్పారు." ఆగింది గొంతు.

సందు తిరిగింది. మంగలి షాపు. అక్కడా! ఇంకో సందు తిరిగింది. ఇస్త్రీ బండి మీద చిన్న రేడియో! ఊరంతా ఒక్క గొంతై వెంటపడుతున్నట్టుంది. తన మొగుణ్ణి ఆనాడు పోలీసులు ఇలాగే తరిమి ఉంటారు... ఎటు చూసినా వాళ్ళే కనబడేలా! పరుగెత్తింది. గువ్వ బడి సంచీ వీపు మీద టపటపా కొట్టుకుంటోంది. పిల్ల ఎందుకని అడగడం లేదు. ఏడవడం లేదు. సైకిళ్ళు బాగుచేసే షాపు ముందు ఊపిరందక ఒక్క క్షణం నిలబడింది. లోపల గొంతు ఒక మాట చెప్పి ఆగింది. ఆ నిశ్శబ్దంలో, తన మోచేతి దగ్గర, చాలా చిన్నగా...

"ఊఁ."

భ్రమేమో! ఆమె బిడ్డ వైపు చూడటానికి ధైర్యం చెయ్యలేదు. చూస్తే నిజమైపోతుంది! బిడ్డని దాదాపు ఎత్తుకుని ఇంటివైపు పరుగెత్తింది. ఇల్లు చేరి, మెట్లెక్కి, తలుపు మూసుకుని, మిషను తొక్కితే చాలు...

వాకిట్లో అందరూ ఉన్నారు. బఠానీల గిన్నెలు ఒళ్ళో ఉన్నాయి, చేతులు కదలడం లేదు. చివరి మెట్టు మీద... అత్తగారు! ఆ మోకాళ్ళతో, ఎవరి సాయమూ లేకుండా, ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని జరుగుతూ దిగి వచ్చేసింది! బట్టలన్నీ దుమ్ము. శాలువా నోట్లో కుక్కుకుని కూర్చుంది. కోడల్ని చూసి రెండు చేతులూ జోడించింది.

"రా, రా!" అంది వదిన. "మంచి పట్టులో ఉంది! నవ్విస్తాడనుకుంటే ఏమిటో వణికిస్తున్నాడు!"

మెట్లకి అడ్డంగా మనుషులు. పైకి పోవడానికి దారి లేదు.

"వాలులో ఒక మనిషి సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు," అంటోంది రేడియో. "హ్యాండిలుకి టిఫిను డబ్బా వేలాడుతోంది. చక్రం అతన్ని చూసింది. చూడలేదని తరువాత అందరికీ చెప్పింది గానీ, చూసింది. తగిలింది. అతను పడిపోయాడు. డబ్బా దొర్లుకుంటూ కాసేపు చక్రం పక్కనే వచ్చింది. చక్రం వెనక్కి తిరిగి కూడా చూసింది. అతను చెయ్యి ఎత్తాడు. అయినా అది ఆగలేదు."

కోడలు మెట్ల కమ్మీ పట్టుకుంది. చెయ్యి ఎత్తాడా! ఈ మాట కోర్టులో చెప్పలేదు. తనకీ చెప్పలేదు. మూడేళ్ళుగా ఆ ఎత్తిన చెయ్యి ఒక్కడే చూస్తూ ఉన్నాడా ఈ మనిషి!

"చక్రాన్ని పట్టుకున్నారు. అందరూ చుట్టూ చేరి అడిగారు. ఎందుకంత పరుగు? నిన్ను ఎవరు తోశారు? నిన్ను ఎవరు పిలిచారు?"

ఆగింది గొంతు.

ఇదివరకటి ఖాళీల్లాంటిది కాదు. ఎంతకీ తెగదు. కుళాయి నుంచి ఒక్కో చుక్కా పడుతోంది. చెప్పేస్తాడు! ఇప్పుడు చెప్పేస్తాడు! రేడియో మీదికి దూకి విసిరికొట్టాలని ఉంది. ఎప్పుడు విడిపించుకుందో, గువ్వ చెయ్యి ఆమె చేతిలో లేదు.

"మళ్ళీ చచ్చింది," అని తాళాల పెద్దమ్మ అలవాటుగా చెయ్యెత్తింది, నెత్తిన ఒక్కటి వెయ్యడానికి.

"ఊఁ," అంది గువ్వ.

రేడియో ముందు, నేల మీద, సంచీ వీపున ఉండగానే కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద గడ్డం. గట్టిగా, అందరికీ వినబడేలా అంది.

"ఎవరూ తొయ్యలేదు, ఎవరూ పిలవలేదు, అంది చక్రం," అన్నాడతను.

పెద్దమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"పరుగు నాది. ఆగనిదీ నేనే, అంది." ఆగాడు.

"ఊఁ."

"ఇప్పుడా చక్రం ఒక గోడకి ఆనించి ఉంది. దానికి రోజంతా ఒకటే పని. ఆగడం నేర్చుకోవడం." ఆగాడు.

"ఊఁ." ఈసారి రెండు గొంతులు. మెట్టు మీద నుంచి ముసలామెది కూడా.

"అంతే. నా కథ అయిపోయింది. ఆలస్యంగా చెప్పాను. ఇంక పడుకో."

కోడలు కమ్మీకి నుదురు ఆనించింది. దేవుడా... ఉన్నది ఉన్నట్టు చెప్పాను అన్నాడే! చూశానని చెప్పాడు, చెయ్యెత్తాడని చెప్పాడు, లోకమంతా వినేలా తన చర్మం తనే ఒలిచి పెట్టుకున్నాడు. ఒక్క చోట... ఒకే ఒక్క చోట అబద్ధం ఆడాడు! 'ఎవరూ పిలవలేదు.' ఆ ఒక్క మాట కోసం కథంతా నిజం చేశాడు, ఎవరూ అనుమానించకుండా! ఈ మనిషి గొంతు వినబడకూడదనేనా తను ఖాళీ మిషను తొక్కింది! వచ్చిన ఏడుపుని కొంగుతో అదిమేసింది. ఎందుకంటే అప్పటికే వాకిట్లో అందరి కళ్ళూ ఆమె మీద ఉన్నాయి.

"ఈ కథ చెప్పినవారు, జైలులో ఉన్న ఒక లారీ డ్రైవరు," అంది రేడియోలో ఆడగొంతు.

వదిన ఒళ్ళో గిన్నె పక్కన పెట్టింది. గువ్వ వైపు చూసింది, శాలువాలో మొహం దాచుకుని వెక్కుతున్న ముసలామె వైపు చూసింది, కోడలి వైపు తిరిగింది. "ఏమమ్మా," అంది. ఎప్పుడూ ఉండే చనువు ఆ గొంతులో లేదు. "మీ ఆయన ఓడలో కదూ ఉన్నాడన్నావ్?"

చెప్పేద్దామనే నోరు తెరిచింది కోడలు. మా ఆయనే అని ఒక్క మాట! కానీ కళ్ళ ముందు పాత ఇంటి తలుపు కదిలింది. బొగ్గు అక్షరాలు. ఇప్పుడు గువ్వకి చదవడం వచ్చు! తాళాల పెద్దమ్మ నడుము దగ్గర గుత్తి గలగలమంది. అంతే, మూడేళ్ళుగా నాలుక మీద కాపలా ఉన్న భయమే మాట్లాడింది.

"ఓడలోనే వదినా! అయ్యో, ఇదేంటి... ఇది మా ఆయన కాదు! పసిపిల్ల, తండ్రి మీద బెంగ. ఏ మగగొంతు విన్నా నాన్నే అనుకుంటుంది. కాదు కదే గువ్వా? నాన్న కాదు కదూ? చెప్పవే అత్తకి!"

అత్తగారు తల ఎత్తి కోడలి వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ దించుకుంది. తాళాల పెద్దమ్మ ఎత్తిన చెయ్యి మెల్లగా దించింది. రేడియోని కొట్టలేదు. స్టూలుతో సహా పిల్ల వైపు కాస్త జరిపింది.

గువ్వ లేచి నిలబడింది. వీపు మీద సంచీ సరిచేసుకుంది. వదిన వైపు చూడలేదు. తల్లి మొహంలోకే సూటిగా చూస్తూ అంది.

"నాన్న కాకపోతే, నేను ఊఁ అనేదాకా ఎందుకు ఆగాడు?"